పక్షులు దిగు చెరువులు – పైరునకు చేకూరు మేలు

శ్రీకాకుళము నుండి పలాస పోవు రహదారిపై నిమ్మాడ, కోటబొమ్మాళి దాటి టెక్కలి చేరినచో, అక్కడికి సమీపమున సముద్రము వైపున తేలినీలాపురమను చిన్న గ్రామము కలదు. వర్షకాలము ముగియు వేళకు ఈ ఊరి చింతచెట్ల మీదను, తుమ్మచెట్ల మీదను గూడబాతులును ఎర్రకాళ్ల కొంగలును వచ్చి గూళ్లు కట్టుకొనును. ఇదే జిల్లాలో ఇచ్ఛాపురము వద్దనున్న తేలుకుంచి గ్రామమునకు తొలకరితోనే నత్తగుల్ల కొంగలు వచ్చును. ఈ రెండు ఊళ్లును పక్షులకు ముఖ్యమైన నివాసములుగా దేశములో పేరు పొందినవి.

వీటిని చూచుటకు దూరప్రాంతముల నుండి జనులు వచ్చి, చూచి సంతోషించి వెళ్లుదురు. కాని ఆ చెట్ల క్రింద కాపురముండువాడు, ఆ చెరువు క్రింద సాగు చేయువాడు రైతు. అతడు అడుగు ప్రశ్న వేరు. "ఈ పక్షులవలన నా పొలమునకు లాభమా, నష్టమా? నా చెట్టును నేనేల వదులుకొనవలెను?" ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి సమాధానము చెప్పుటకే ఈ వ్యాసము వ్రాయబడినది.

పక్షులు ఎక్కడి నుండి వచ్చును?

ఈ పక్షులు సైబీరియా నుండి వచ్చునని మన ప్రాంతమున చాలమంది చెప్పుదురు. ఈ మాట నిజము కాదు. చలికాలములో ఉత్తర దేశముల నుండి మన చెరువులకు కొన్ని జాతుల బాతులును ఉల్లంకి పిట్టలును వచ్చుట వాస్తవమే. అవి ఇక్కడ మేతకు మాత్రము వచ్చి, గ్రుడ్లు పెట్టుటకు తిరిగి తమ దేశమునకే పోవును. తేలినీలాపురమున గూడు కట్టునవి అట్టివి కావు. గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ, నత్తగుల్ల కొంగ – ఈ మూడును మన దేశపు పక్షులే. నీరు, మేత ఎచ్చట ఉండునో అచ్చటికి ఒక జిల్లా నుండి మరియొక జిల్లాకు, ఒక రాష్ట్రము నుండి మరియొక రాష్ట్రమునకు తిరుగుచుండును. ముక్కుపై మచ్చలుండు మన గూడబాతు భారతదేశము, శ్రీలంక, కంబోడియా దేశములలో తప్ప మరి యెక్కడను చెప్పుకోదగిన సంఖ్యలో గూడు కట్టదు.

ఈ సంగతి తెలిసికొనుట వలన ఉపయోగమేమి? పరదేశపు అతిథియైనచో ఇక్కడ చోటు చెడినను తన దేశమున పిల్లలను పెంచుకొనును. ఇది మన ఇంటి పక్షి. మన చెరువులు, మన చెట్లు చెడినచో దానికి పోవుటకు వేరొక పుట్టిల్లు లేదు.

వచ్చు కాలము – దాని కారణము

పక్షులు వేళకు వచ్చినచో ఆ యేడు వానలు బాగుండునని పెద్దలు చెప్పుదురు. ఇందులో కొంత సత్యము కలదు. అయితే పక్షులు వానను తెచ్చుటలేదు, వానయే పక్షులను తెచ్చుచున్నది.

మన చెరువులలోను వరిమళ్లలోను ఉండు పెద్ద నత్తగుల్ల వేసవిలో బురదలోనికి దిగి, గుల్ల మూత బిగించుకొని, నిద్రించినట్లు పడియుండును. తొలకరికి నేల తడిసి నీరు నిలువగనే అది బయటకు వచ్చును. నత్తగుల్ల కొంగకు ముఖ్యాహారము ఈ నత్తయే. కావుననే అది జూన్ ప్రాంతములో తేలుకుంచి చేరి, పిల్లలు పెరిగిన పిదప శీతకాలపు ఆరంభములో వెడలిపోవును.

గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ చేపలు తినునవి. చెరువులు నిండి, చేపపిల్లలు ఎదిగి, తరువాత నీరు క్రమముగా తగ్గుచు చేపలు సులభముగా దొరకునది వానల తరువాతి కాలమున. అందుచేత ఇవి సెప్టెంబరు, అక్టోబరు నెలలలో వచ్చి మార్చి, ఏప్రిల్ వరకు ఉండును. గూడబాతు మూడు, నాలుగు గ్రుడ్లు పెట్టును. పొదుగుటకు సుమారు నెల పట్టును. పిల్ల ఎగురుటకు మూడు నెలలకు పైగా పట్టును. ఇన్ని దినములు పిల్లను పోషించుటకు తల్లిదండ్రులు రెండును చేపకొరకు పోవుచు వచ్చుచుండవలెను. మధ్యలో చెరువు ఎండినను, చెట్టు కొట్టినను ఆ యేటి సంతానము నశించినట్లే.

వరిపొలమునకు నత్తగుల్ల కొంగ చేయు సహాయము

ఈ కొంగ ముక్కును దగ్గరగా చూచినచో పై దవడకును క్రింది దవడకును నడుమ సందు కనబడును. నోరు మూసినను ఆ సందు మూయబడదు. గ్రుడ్డు నుండి వెలువడిన పిల్లకు ఈ సందు ఉండదు, పెరిగిన కొలది ఏర్పడును. కొంగ గుల్లను పగులగొట్టదు. ముక్కు కొనను మూతకడ దూర్చి, నత్తను గుల్లకు పట్టియుంచు కండరమును తెంచి, లోపలి మాంసమును చెక్కుచెదరకుండ బయటకు లాగుకొనును. గట్టుపై గుల్లలు పగులక ఖాళీగా పడియున్నచో అది ఈ కొంగ భోజనము చేసిన చోటని తెలిసికొనవచ్చును.

నత్తలు లేత వరిమొక్కలను కొరకును. పీతలు నారును కత్తిరించుటయే గాక గట్లకు బొరియలు చేసి నీటిని పోగొట్టును. ఈ కొంగ రెంటిని తినును. థాయిలాండు దేశములో పరదేశపు నత్త ఒకటి వరిచేలలో వ్యాపించి రైతులను మిక్కిలి బాధించినది. అక్కడ ఈ జాతి కొంగయే ఆ నత్తను తిని తన సంఖ్యను కూడ పెంచుకొన్నది. పశువుల వెంట, నాగలి వెంట తిరుగు తెల్లకొంగ మిడతలను, పురుగులను ఏరుకొని తినుట మీరెరిగినదే.

నష్టము లేదని చెప్పరాదు. నాటిన వారము దినములలోపల పెద్ద కొంగలు మడిలో దిగినచో కొన్ని మొక్కలు త్రొక్కుడుకు లేచిపోవును. అట్టిచోట నారు కొంత మిగుల్చుకొని ఖాళీలు పూరించిన సరిపోవును. మొక్క వేరు పట్టిన తరువాత ఈ బెడద ఉండదు.

రెట్ట విలువ ఎంత?

పశువుల ఎరువు వంద కిలోలలో నత్రజని సుమారు అర కిలో ఉండును. ఎండిన కోడిరెట్టలో వందకు మూడు కిలోల చేరువలో ఉండును. చేప తిను పక్షి రెట్ట కూడ ఇట్లే సత్తువ గలది, భాస్వరము ఎక్కువగా గలది. దక్షిణ అమెరికాలోని పెరూ దేశపు దీవులలో సముద్రపక్షులు తరతరములుగా వేసిన రెట్టను 19వ శతాబ్దములో ఓడలకెత్తి యూరపు ఖండపు పొలములకు ఎరువుగా అమ్మిరి. అక్కడ వాన లేదు గనుక రెట్ట గుట్టలుగా నిలిచినది. మనకు వాన కలదు గనుక అది కరిగి చెరువులోనికి, చెరువు నుండి తూము ద్వారా పొలములోనికి పోవును.

ఈ రహస్యమును మన పూర్వులు ఎరుగుదురు. తమిళనాడులో చెంగల్పట్టు వద్ద వేడంతాంగల్ అను ఊరి చెరువు కలదు. దాని విస్తీర్ణము సుమారు 30 హెక్టార్లు, అనగా 75 ఎకరములు మాత్రమే. కంపెనీ దొరల కాలములో సిపాయిలు అక్కడి పక్షులను కాల్చుచుండగా, ఊరివారు కలెక్టరుకు మొరపెట్టుకొని 1798లో వాటి రక్షణకు కౌలు పొందిరి. ఆ చెరువు నీరు తమ పొలమునకు ఎరువు వంటిదని వారి అనుభవము. నేడు తిరుపతి జిల్లాలోనున్న నేలపట్టు చెరువును ప్రభుత్వము 1976లో పక్షుల రక్షిత ప్రాంతముగా ప్రకటించెను. నీటిలో నిలిచి పెరుగు కడపచెట్లపై అక్కడ గూడబాతులు గూళ్లు కట్టును. ఆ చెరువు నీటి బలమును అక్కడి రైతులు కూడ చెప్పుదురు.

అయితే ఒక హెచ్చరిక. పక్షులున్న చెరువు నీరు పారినంత మాత్రమున ఎరువులు మానివేయరాదు. అట్లని పక్క ఊరివారితో సమానముగా యూరియా చల్లుటయు తప్పే. నత్రజని ఎక్కువైనచో పైరు ముదురాకుపచ్చగా ఏపుగా పెరిగి, సుడిదోమను పిలుచుకొని, కోతకు ముందే పడిపోవును. అట్టి చెరువు క్రింది రైతులు వేసవిలో మట్టి నమూనా తీసి పరీక్ష చేయించి, దాని ఫలితమును బట్టి యూరియా మోతాదు నిర్ణయించుకొనవలెను. వేసవిలో చెరువు ఎండినపుడు అడుగున తేరిన పూడికమట్టిని తీసి పొలమునకు తోలుకొనుట రెండు విధముల లాభము: పొలమునకు సారము, చెరువునకు లోతు.

నష్టమంతయు ఒకరిది, లాభము పదిమందిది

ఇప్పుడు అసలు చిక్కునకు వత్తము. పెరటి చింతచెట్టుపై నూరు గూళ్లున్న ఇంటివారి సంగతి ఆలోచింపుడు. చింతపండు రాదు. నేలపై చేపముక్కలు పడి దుర్వాసన వేయును. ఇంటి కప్పు రెట్టతో నిండును. దండిగా పడిన రెట్టకు కొన్నేండ్లలో చెట్టే ఎండనారంభించును. ఇన్నియు ఓర్చుకొనువారు నాలుగిండ్లవారు. చెరువు నీటి బలము పొందువారు ఆయకట్టు రైతులందరు. చూచి సంతసించువారు ప్రపంచమంతయు. ఈ తూకము సరిచేయనిదే, పక్షిని ప్రేమింపుడని చెట్టు యజమానికి చెప్పుట ధర్మము కాదు.

కర్ణాటకములో మండ్య జిల్లా కొక్కరె బెళ్లూరు గ్రామమున ఇవే జాతులు ఊరి చింతచెట్లపై గూళ్లు కట్టును. అక్కడ చింతపండు కోయక చెట్టును పక్షులకు విడిచిన యజమానులకు అటవీశాఖ పరిహారమిచ్చు పద్ధతి కలదు. మన పంచాయతీలును ఇట్టి ఏర్పాటు కొరకు అటవీశాఖను కోరవచ్చును. అంతవరకు ఊరివారు తమలో తాము చేసికొనదగిన పని ఒకటి కలదు. చెట్ల క్రింద రాలిన రెట్టను, చెత్తను పోగుచేసి కంపోస్టు గోతిలో పశువుల ఎరువుతో కలిపి మ్రాగబెట్టి, ఆ ఎరువుపై మొదటి హక్కు చెట్టు యజమానికే ఇచ్చుట. పచ్చిరెట్టను నేరుగా మొక్క మొదట వేయరాదు, వేరు మాడును. ఎండిన రెట్టను ఊడ్చునపుడు ముక్కు, నోరు గుడ్డతో కట్టుకొని, నేలను నీటితో తడిపి మరి ఊడ్వవలెను. ఆ ధూళి పీల్చుట ఊపిరితిత్తులకు హాని.

చేపల చెరువులు పెంచువారికి గూడబాతువలన నష్టము కలుగుట నిజము. చిన్న పిల్లలను పెంచు నారుచెరువుపై వల కప్పవలెను. వల బిగువుగా ఉండవలెను, వదులు వలలో పక్షులు చిక్కుకొని చచ్చును. పెద్ద చెరువులో బాగుగా ఎదిగిన పిల్లలనే వదలినచో నష్టము తగ్గును. తుపాకి, విషము పనికిరావు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఈ పక్షులను చంపుట, గూళ్లు చెరుపుట, గ్రుడ్లు తీయుట నేరము.

మందులవలన ముప్పు

పొలములో చల్లిన మందు పొలములోనే ఉండదు. వానకు కాలువలోనికి, కాలువ నుండి చెరువులోనికి పోవును. చెరువులోని నాచును చిన్న పురుగు, దానిని చిన్న చేప, దానిని పెద్ద చేప, దానిని గూడబాతు తినును. కరగక కొవ్వులో నిలువయుండు మందైనచో ఒక్కొక్క మెట్టున దాని పాలు పెరుగుచు పక్షి శరీరమున అధికముగా చేరును.

అమెరికాలో ఇట్లే జరిగినది. అక్కడి గోధుమరంగు గూడబాతు శరీరమున డీడీటీ చేరి, గ్రుడ్డు పెంకు పలుచనై, పొదుగుటకు కూర్చున్న తల్లి బరువుకే గ్రుడ్డు చితికిపోవుచుండెను. 1972లో అక్కడ ఆ మందును నిషేధించిన పిదప పక్షులు మెల్లగా కోలుకొనగా, 2009లో దానిని ఆపదలోనున్న జాతుల పట్టిక నుండి తీసివేసిరి. మన దేశములో 1989లో వ్యవసాయమున డీడీటీ వాడకము నిషేధింపబడినది. నేటి మందులు చాలవరకు అంతకాలము నిలువవు. కాని గుళికల మందు చల్లిన మడిలో దిగిన పక్షి అక్కడికక్కడే చచ్చుట కలదు. మడి నీరు చెరువులో పడినచో చేప చచ్చును, పక్షికి మేత పోవును. చచ్చిన చేపను మన పిల్లలును ఏరుకొని తెత్తురు.

తుపాను, వ్యాధి

2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస వద్ద తీరము దాటి ఉద్దానమున కొబ్బరిని, జీడిమామిడిని నేలమట్టము చేసిన సంగతి మీరు మరువలేదు. ఆనాడే తేలినీలాపురమున, తేలుకుంచిలో పక్షులు గూళ్లు కట్టు పెద్దచెట్లు కూడ కూలినవి. కొబ్బరి తిరిగి కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. నూరు గూళ్లు మోయగల చింత పెరుగుటకు ఒక తరము పట్టును.

2021 డిసెంబరు, 2022 జనవరి నెలలలో తేలినీలాపురమున వందకు పైగా గూడబాతులు చనిపోయినవి. కడుపులో చేరు నులిపురుగులు కారణమని తెలియవచ్చినది. ఇట్టి పురుగు గ్రుడ్లు రెట్టతో నీటిలో పడి, చిన్న నీటిపురుగుల ద్వారా చేపలో చేరి, చేప ద్వారా మరల పక్షిలో చేరును. మేతకు తగిన చెరువులు తక్కువై, పక్షులన్నియు కొన్ని నీటిగుంటలపైననే ఆధారపడినపుడు ఇట్టి వ్యాధి త్వరగా వ్యాపించును. అనగా ఒక్క ఊరి చెట్లను కాపాడిన చాలదు. మేతకు పోవు చుట్టుప్రక్కల చెరువులన్నియు మంచి నీటితో ఉండవలెను.

బీల లేనిదే చెట్టు లేదు

తేలినీలాపురపు పక్షులకు గూడు ఊరిలో, మేత నౌపడా చిత్తడి భూములలోను, చుట్టు చెరువులలోను. మనము బీల అని పిలుచు ఈ పల్లపు భూములు బంజరులు కావు. వానకాలమున పైనుండి వచ్చు వరదను పట్టి నిలిపి, ఊళ్లను ముంపు నుండి కాపాడి, బావులకు ఊట ఇచ్చి, పశువులకు మేతను, జాలరులకు చేపను ఇచ్చును. బీలలలో విద్యుత్ కేంద్రములు వలదని 2010లో సోంపేట వద్దను, 2011లో కాకరాపల్లి వద్దను రైతులు, జాలరులు ఆందోళన చేయగా, కాల్పులలో ప్రాణములు పోయినవి. ఆ జనులు కోరినది ముఖ్యముగా తమ నీటిని, తమ బ్రతుకును. పక్షికి కావలసినదియు అదే నీరు.

చోటు చెడినచో పక్షి తిరిగిరాదనుటకు నిదర్శనము మన రాష్ట్రముననే కలదు. తాడేపల్లిగూడెము సమీపమున ఆరేడు గ్రామమున 1946 ప్రాంతములో గూడబాతులు అసంఖ్యాకముగా గూళ్లు కట్టుచుండెను. తరువాత అవి ఆ ఊరిని విడిచిపోయినవి.

రైతులు చేయవలసిన పనులు

1. గూళ్లున్న చెట్టును, గూళ్లు లేనిదైనను ఊరిలోని పెద్దచెట్టును కొట్టరాదు. ఎండిన కొమ్మలు తీయవలసియున్నచో పక్షులు వెడలిన పిదప, మే నెలలో తీయవలెను.

2. ప్రతి తొలకరికి చెరువుగట్టునను, పోరంబోకులోను చింత, రావి, తుమ్మ మొక్కలు నాటి, రెండు వేసవులు నీరు పోసి, కంచె కట్టి కాపాడవలెను.

3. వరినారు నాటుటకు ముందు ఆకుల కొనలు త్రుంచి నాటినచో కాండము తొలుచు పురుగు గ్రుడ్లు చాలవరకు పోవును.

4. నాటునపుడు ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయవలెను. గాలి, వెలుతురు సోకి సుడిదోమ తగ్గును.

5. పొలములో పక్షులు వ్రాలుటకు కర్రలు పాతవలెను. వాటిపై కూర్చుండు పిట్టలు పురుగులను ఏరును. గింజ పాలు పోసికొను దశలో ఆ కర్రలను తీసివేయవలెను.

6. పురుగు కనబడగనే మందు కొట్టరాదు. చదరపు మీటరునకు ఒక తల్లిపురుగో, ఒక గ్రుడ్ల సముదాయమో కనబడినపుడే కాండము తొలుచు పురుగునకు మందు ఆలోచింపవలెను.

7. మందు వేసిన మడి నీటిని కొన్ని దినములు బయటకు వదలరాదు. మందు డబ్బాలు, పిచికారి యంత్రములు చెరువులో కడుగరాదు.

8. వేసవిలో చెరువు పూడిక తీయునపుడు నడుమ కొంత భాగమును లోతుగా త్రవ్వి, కొంచెము నీరు చివరివరకు నిలుచునట్లు చూడవలెను.

9. ఒకటికి మించి పక్షులు చచ్చి పడియున్నచో చేతితో తాకక, కుక్కలను దరిచేరనీయక, వెంటనే అటవీశాఖకును పశువైద్యునికిని తెలియజేయవలెను.

10. గూళ్ల కాలమున చెట్ల దగ్గర బాణసంచా కాల్చుట, డప్పులు వాయించుట మానవలెను. బెదరిన తల్లి లేచిపోగా, గ్రుడ్లకు, పిల్లలకు ఎండ తగులును, కాకులు ఎత్తుకొనిపోవును.

రైతు సోదరులారా! ఈ పదింటిలో చాలభాగము పక్షి లేకున్నను మీరు చేసికొనవలసిన మంచి సేద్యపు పనులే. చెరువు లోతుగా ఉండుట, నీరు విషము కాకుండుట, గట్టుపై చెట్టుండుట – ఇవి ముందుగా మీ పైరు కొరకు. పక్షి వచ్చుట మీ చెరువు ఆరోగ్యముగా ఉన్నదనుటకు గుర్తు. ఒక యేడు అది రాకున్నచో, పక్షి సంగతి తరువాత, ముందు మీ చెరువుగట్టు ఎక్కి నీటిని చూచికొనుడు.